మామగారి కుడిపక్క సీటు

ఆ రూటులో తిరిగే జనంలో సగం మందికి ఆవిడ అసలు పేరు తెలియదు. జరగమ్మ అంటేనే తెలుస్తుంది. పొద్దున్నే బస్సెక్కింది మొదలు డ్యూటీ దిగేదాకా “జరగండి, జరగండి, లోపల బోలెడు చోటుంది, జరగండమ్మా” అని అరవడమే ఆవిడ ఉద్యోగం. లోపల చోటెక్కడుంటుంది, నా మొహం! కాలు పెట్టే సందుండదు. అయినా ఆ గొంతు వినగానే జనం గొణుక్కుంటూనే జరుగుతారు, ఎక్కణ్ణుంచో చోటు పుట్టుకొస్తుంది. ఎవరో కాలేజీ కుర్రాడు సరదాకి పెట్టిన పేరు రూటంతా పాకింది. ఆవిడ మొదట్లో ఒంటికాలి మీద లేచింది, తర్వాత అలవాటు పడింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తేనే ‘ఎవరినబ్బా’ అని వెనక్కి తిరిగి చూస్తుంది.

అలాంటి మనిషిని ఒక టికెట్ల వెబ్‌సైటు ఏడిపించి మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆవిడ మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ కండక్టరుగా ఎక్కింది ఆయన బండే. వెనకనుంచి ఆ అరుపులు కొన్నాళ్ళు విని, “ఈ పిల్ల మా ఇంట్లో ఉంటే ఎవడూ మా నెత్తికెక్కడు” అని తనే వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి కొడుక్కి చేసుకున్నాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, ఫుట్‌బాల్. సొంత ఊరి జట్టు గెలిచిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తింటాడు, ఓడిన రోజున అసలు తినడు.

ఆ పెద్దాయన కళ్ళు పోతున్నాయి. డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. వచ్చే సీజన్ నాటికి వెలుతురు కూడా తెలియకపోవచ్చునట. ఇప్పటికి పెద్ద పెద్దవి మాత్రం మసగ్గా తెలుస్తాయి. పచ్చటి మైదానం, స్తంభాల మీద దీపాలు, గుంపుగా కదిలే మనుషులు. బంతి కనపడదు. బంతి సంగతి చెప్పడానికి మనవరాలుంది. టీవీ ముందు ఆయన కుడిపక్కన చేరి, బంతి ఎవరి కాలి దగ్గరుందో, ఎవడు ఎవణ్ణి పడేశాడో ఊపిరి తిప్పుకోకుండా చెవిలో చెబుతూనే ఉంటుంది. కుడిపక్కనే కూర్చోవాలి. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరుకి ఎడమవైపు ఉండేది. అన్నేళ్ళు దాని రొదకి ఆ చెవి మొద్దుబారిపోయింది. అటు కూర్చుని గొంతు చించుకున్నా గోడతో మాట్లాడినట్టే.

“ఇంకొక్కసారి ఆ దీపాల కింద కూర్చోవాలనుందే అమ్మాయ్,” అన్నాడాయన ఒకరోజు అన్నం తింటూ. “నలుగురం, ఒక్కచోట. ఆ దీపాలు నాకింకా తెలుస్తున్నప్పుడే.”

నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. జరగమ్మ వెనకాముందూ చూసుకోలేదు. “అదెంత పని మామయ్యా,” అనేసింది. అదెంత పనో ఆవిడకి తర్వాత బోధపడింది.

ఊరి జట్టు ఆ సీజన్లో సొంత మైదానంలో ఆడాల్సిన ఆఖరి మ్యాచి ఒక్కటే మిగిలింది. టికెట్లన్నీ ఆన్‌లైన్లోనే అమ్ముతారు. కౌంటరు మూసేసి ఏళ్ళయింది. ముందురోజు సాయంత్రం ఇంట్లో పెద్ద మంతనమే నడిచింది. మైదానం మామగారికి కొట్టిన పిండి. మెట్లకు దగ్గరగా, దీపస్తంభానికి ఎదురుగా ఉండే ఐదో వరసే కావాలన్నాడు. జరగమ్మ డిపోలో, ఫ్రిజ్జులు బాగుచేసే ఆవిడ భర్త తన షాపులో, ఇద్దరూ ఒకేసారి ప్రయత్నించాలని తీర్మానం. “నీకు దొరక్కపోతే నాకు, నాకు దొరక్కపోతే నీకు,” అన్నాడు భర్త, ఏదో గొప్ప ఎత్తు వేసినట్టు.

మర్నాడు మొదటి ట్రిప్పు ముగించుకుని, డిపో రెస్టురూములో బెంచీ మీద కూర్చుని జరగమ్మ ఫోను తెరిచింది. ముందు మీరు మనిషేనని నిరూపించుకోండి అన్నది వెబ్‌సైటు. బస్సులున్న గడులన్నీ నొక్కాలట. జరగమ్మ నవ్వుకుంది. పోయిపోయి నన్నా అడగడం! టకటకా నొక్కింది. ఒక గడిలో బస్సు అద్దం అంచు మాత్రమే ఉంది. అద్దం బస్సుది కాక మరెవరిది? అదీ నొక్కింది. ఇంకో గడిలో ఉన్నది వ్యాను. దాన్ని బస్సంటే డిపోలో పరువు పోతుంది, వదిలేసింది. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి అంది వెబ్‌సైటు.

“ఒరే, అది వ్యానురా దరిద్రుడా!” అని ఆవిడ అరిచిన అరుపుకి పక్క బెంచీ మీద కునుకు తీస్తున్న డ్రైవరు ఉలిక్కిపడి లేచి, తన బండేమైనా కదిలిపోయిందేమోనని బయటికి పరిగెత్తాడు.

చివరికి మనసు చంపుకుని వ్యానుని కూడా బస్సేనని ఒప్పుకున్నాక ఆవిణ్ణి లోపలికి రానిచ్చింది. అక్కడ కుటుంబ టికెట్ అని ఒకటి కనపడింది. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే కుటుంబమంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. అంతే. ముసలివాళ్ళు కుటుంబంలోకి రారట. వాళ్ళ సీట్లు మైదానానికి అవతలి ఒడ్డున, వేరే గ్యాలరీలో. కోపంలో ఆవిడ మామగారినే రెండో పిల్లాడిగా రాసి, పుట్టినతేదీ కూడా నిజాయితీగా వేసింది. పిల్లవాడి వయసు సరిచూడండి అని ఎర్రక్షరాలు వచ్చాయి.

“పిల్లవాడికి డెబ్బై దాటాయి, ఏం చేస్తావు?” అని ఫోనుని నిలదీసింది. ఫోను ఏం చెబుతుంది పాపం!

కుటుంబ టికెట్ ఆశ వదులుకుని విడిగా నాలుగు సీట్లకి దిగింది. ఐదో వరసలో నాలుగు పక్కపక్కన పచ్చగా ఉన్నాయి. నొక్కింది. డబ్బు కట్టే లోపల మళ్ళీ మనిషేనా అన్న ప్రశ్న. ఈసారి ట్రాఫిక్ దీపాలు. అది తేలేలోపు గడువు దాటి సీట్లు చేజారాయి. మళ్ళీ చూస్తే వాటిలో రెండు బూడిదరంగుకి మారాయి. అంటే ఎవరో పట్టుకున్నారన్నమాట. పక్కవి నొక్కితే, వాటి మధ్యలో మరొకటి బూడిదరంగు. ఆవిడ ఎటు జరిగితే వాడూ అటే జరుగుతున్నాడు. సరిగ్గా ఐదో వరసే కావాలా వీడికి? ఊళ్ళో ఇంకో వరసే లేదా?

“ఎవడోగానీ నా ఉసురు పోసుకుంటున్నాడు. వాడి చేతులు పడిపోను, వాడి ఫోను నీళ్ళలో పడ!” అని పళ్ళు నూరుతూ, చేతికందిన ఒక్క సీటు కొనేసి భర్తకి ఫోను చేసింది. “ఏమండీ, ఐదో వరసలో ఎవడో శని పట్టినట్టు పట్టాడండీ!”

“నాకూ అంతేనే! నేనేది నొక్కబోతే దాని పక్కది లాగేసుకుంటున్నాడు వెధవ. ఎలాగోలా రెండు పట్టాను, అవీ దూరదూరంగా.”

జరగమ్మ ఆ బూడిదరంగు గడులకేసి మరోసారి చూసింది.

“ఏమండీ,” అంది జరగమ్మ మెల్లగా, “ఆ వెధవ మీరేనా?”

ఆయన పట్టుకున్న సీట్లు ఆవిడకి బూడిదరంగు, ఆవిడ పట్టుకున్నవి ఆయనకి బూడిదరంగు. భార్యాభర్తలిద్దరూ ఒకరి చేతిలోవి ఒకరు లాక్కుంటూ, ఒకరినొకరు శాపనార్థాలు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఈలోగా గడువు తీరి జారిపోయినవన్నీ ఊళ్ళోవాళ్ళు ఎగరేసుకుపోయారు. ఇది చాలదన్నట్టు ఇంటినుంచి మామగారి ఫోను. ఆయన గొంతులో సంబరం.

“అమ్మాయ్, నేనూ ఓ చెయ్యి వేద్దామని కింద మెడికల్ షాపాయనకి చెప్పానే. ఐదో వరసే అని గట్టిగా చెప్పాను. పాపం చాలా కష్టపడి ఒకటి సంపాదించాడు!”

జరగమ్మ తల పట్టుకుంది. నాలుగు సీట్లు వచ్చాయి. నాలుగూ ఐదో వరసలోనే వచ్చాయి. ఏ రెండూ పక్కపక్కన లేవు. మిగిలినవన్నీ అమ్ముడైపోయాయి.

ఫిర్యాదు చేద్దామని సహాయ కేంద్రానికి ఫోను చేస్తే బోలెడంత సంగీతం వినిపించి, ఆపైన ఒక కుర్రాడు పలికాడు. సీట్లు మార్చడం కుదరదన్నాడు. కళ్ళ సంగతి, చెవి సంగతి అంతా విడమరిచి చెబితే పాపం జాలిగానే విన్నాడు, విని కుదరదన్నాడు.

“బాబూ, పిల్లలు పెద్దవాళ్ళ పక్కనే కూర్చోవాలన్న రూలు మీదేనా?”

“మాదేనండి.”

“మా పిల్లని మీ వెబ్‌సైటు ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. ఇప్పుడేం చెయ్యాలి?”

“అది... మీరే చూసుకోవాలండి.”

“నేనే చూసుకోవాలా?”

“అవునండి.”

“సరే నాయనా. నేనే చూసుకుంటా,” అని పెట్టేసింది. చాలాసేపటి తర్వాత ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు కనపడింది.

మ్యాచి రోజు సాయంత్రం నలుగురూ మెట్లు దిగి ఐదో వరస చేరేసరికి సగం వరస నిండింది. మామగారిని మెట్లకి దగ్గర్లో ఆయన సీటు ముందు నిలబెట్టి, జరగమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపి వరస మొదట్లో నిలబడింది. భర్త ముడుచుకుపోయి, “ఏమే, ఇది బస్సు కాదే, గొడవవుతుంది,” అన్నాడు.

“కాదని నాకూ తెలుసు. బస్సయితే ఈపాటికి కూర్చునేవాళ్ళం,” అని ఆవిడ గొంతు సవరించుకుంది.

“జరగండి, జరగండి! అమ్మా, మీరెంతమంది, ఇద్దరా? లేవక్కర్లేదు, ఒక్క సీటు అటు జరగండి. బాబులూ, ఆ సంచి ఒళ్ళో పెట్టుకోండి, దానికి టికెట్ తీశారా? జరగాలి, జరగాలి!”

జనం తలెత్తి చూశారు. ఎందుకో ఏమిటో ఎవరికీ తెలియదు. అయినా జరిగారు. వరస చివరనుంచి ఒక పెద్దావిడ, “అయ్యో, మా బస్సు జరగమ్మ! ఇక్కడా వదల్లేదూ మమ్మల్ని!” అని పకపకా నవ్వి తనూ జరిగింది. ఒక్కడు మాత్రం కదల్లేదు. చేతులు కట్టుకుని కూర్చున్న భారీ మనిషి. సరిగ్గా మామగారి కుడిపక్కన.

“నా టికెట్ మీదున్న నంబరిదే. నేనెందుకు జరగాలి?” అన్నాడు.

“నంబరు కుర్చీకండీ, మీక్కాదు. ఇక్కణ్ణుంచి కనపడే ఆట ఆ పక్కనుంచి కనపడదా?”

“రూలంటే రూలే.”

ఈలోగా పసుపుపచ్చ కోటు వేసుకున్న కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మా ఈ గోల? ఎవరి సీట్లోకి వాళ్ళు వెళ్ళండి. అందరూ వెనక్కి జరగండి!”

జరగమ్మకి ఒళ్ళు మండింది. “మీ ఆఫీసుకి ఫోను చేస్తే నన్నే చూసుకోమన్నారు. చూసుకుంటున్నాను. మా మామయ్యకి కళ్ళు సరిగ్గా కనపడవు, ఎడమచెవి వినపడదు. నా కూతురు కుడిపక్కన కూర్చుని చెబితేనే ఆయనకి ఆట. వచ్చే ఏడాదికి ఈ దీపాలు కూడా ఆయనకి ఉండవు. మీ వెబ్‌సైటు మా నలుగుర్నీ నాలుగు ముక్కలు చేసింది. దాని మాట వింటానా, మా మామయ్య మాట వింటానా? నేను కదలను. కావాలంటే ఎత్తి అవతల పారెయ్యండి!”

అప్పుడు సంచి ఒళ్ళో పెట్టుకున్న కుర్రాడు అన్నాడు. “మేం ఒకసారి జరిగాం. ఇంక జరగం.”

“ఇంక జరగం,” అంది పెద్దావిడ. “జరగం,” అన్నారు మిగిలినవాళ్ళు. పసుపు కోటాయన వరస ఈ చివరనుంచి ఆ చివరకి చూశాడు. ఒక్కరూ లేచేలా లేరు.

భారీ మనిషి ఇంకా బిగుసుకునే ఉన్నాడు. మామగారు ఇందాక ఆయన గొంతు వచ్చిన వైపు తల తిప్పి, “బాబూ, వచ్చి నా ఎడమపక్క కూర్చో,” అన్నాడు నెమ్మదిగా. “ఆ చెవి వినపడదు. మా కోడల్ని నువ్వెంత తిట్టుకున్నా నాకు తెలియదు.”

వరసంతా గొల్లుమంది. ఆ మనిషి ఆపుకుందామని చూశాడు గానీ ఆగలేదు, నవ్వేశాడు. లేచి పెద్దాయన్ని దాటుకుని, జనం జరిగాక ఎడమపక్కన ఖాళీ అయిన సీట్లో కూర్చున్నాడు. పిల్ల గభాల్న కుడిపక్క సీట్లోకి దూరింది, దాని పక్కన తండ్రి. అందరూ సర్దుకున్నారని చూసుకుని జరగమ్మ అలవాటు కొద్దీ “రైట్ రైట్!” అని అరిచింది. పెద్దాయన ఎడమచెయ్యి తనంతట తనే లేచి గేరు కోసం వెతికింది.

ఆట మొదలైంది. పిల్ల తాతయ్య చెవిలో నోరు పెట్టి చెబుతూనే ఉంది, ఆయన తలాడిస్తూనే ఉన్నాడు. మధ్యలో భారీ మనిషి కూడా ఉండబట్టలేక లేచి, ముందుకు వంగి, “అది ఆఫ్‌సైడ్ అని చెప్పు పాపా, సరిగ్గా చెప్పు!” అని దిద్దడం మొదలుపెట్టాడు. సొంత జట్టు చిత్తుగా ఓడింది. అయినా పెద్దాయన మొహం వెలిగిపోతూనే ఉంది.

జనం మెట్లెక్కి వెళ్ళిపోతుంటే మనవరాలు దిగులుగా, “ఒక్క గోలు కూడా కనపడలేదా తాతయ్యా?” అంది.

“గోలు కనపడలేదే. ఇంతమంది మనుషులు, వరస వరసంతా, మీ అమ్మ ఒక్క అరుపుకి అటు జరగడం మాత్రం కనపడింది. అన్నేళ్ళూ బస్సులో వెనకనుంచి వినడమే గానీ, ఎప్పుడూ తిరిగి చూడ్డానికి లేకపోయింది. ఇవాళ చూశాను.”

జరగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మామగారు లేచి మనవరాలి భుజం పట్టుకున్నాడు.

“వచ్చే ఏడూ వద్దాం,” అన్నాడు.

“కళ్ళు...” అనబోయి కొడుకు ఆగిపోయాడు.

“పోతే పోనీరా! కుడిచెవి ఉంది, చెప్పడానికి ఇదుంది, జరిపించడానికి మీ ఆవిడుంది. నన్ను రావద్దనడానికి ఆ వెబ్‌సైటు ఎవరు?”

“అలాగే వద్దాం మామయ్యా,” అంది జరగమ్మ ఆయన రెండో చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తూ. “కాకపోతే ఈసారి ఆ మెడికల్ షాపాయనకి మాత్రం చెప్పకండి.”