కండక్టర్ కరుణమ్మ ఎడమ తుంటి

2022 జూన్. కావలిలో మా ఫిజియోథెరపీ క్లినిక్ మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మోకాళ్లు, తుంటి నొప్పులవాళ్లే కాబట్టి, ఎవరు మెట్లు ఎలా ఎక్కుతున్నారో లోపల కూర్చునే చెవితో పట్టడం నాకు అలవాటు. ఆ ఉదయం ఎవరో ప్రతి మెట్టుకూ ఒకే కాలు ముందు వేసి, రెండో కాలిని దాని పక్కకు లాక్కుంటూ వస్తున్నారు. మధ్యలో రెండుసార్లు ఆగారు. గుమ్మంలోకి వచ్చాక మాత్రం ఏమీ ఎరగనట్టు చీర మీది ఖాకీ చొక్కా సర్దుకుని, "రెండింటికి డ్యూటీ ఉండాది మేడమ్, తొందరగా చూస్తారా?" అంది.

ఆమె పేరు కరుణమ్మ. నలభై ఆరేళ్లు. కావలి నుంచి బోగోలు మీదుగా తీరం ఊళ్లకు పోయే బస్సులో కండక్టర్. ఎడమ తుంటి పక్కన రెండేళ్లుగా నొప్పి. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతోంది. కూర్చుని లేస్తే మొదటి నాలుగు అడుగులు నరకం. ఒకరు నడుము నరం అన్నారు, బెల్టు ఇచ్చారు. ఇంకొకరు కీలు అరిగిందన్నారు. ఎక్స్‌రేలో చూస్తే కీలు శుభ్రంగా ఉంది. ఒక డాక్టరు తుంటి పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నెలన్నర హాయిగా గడిచింది. తర్వాత మళ్లీ మామూలే.

"ఇంకో సూది వేయమని డాక్టరుకు మీరొక చీటీ రాయండి మేడమ్, చాలు," అంది.

బల్ల మీద కుడివైపుకు పడుకోబెట్టి, తుంటి పక్కన చేతికి గట్టిగా తగిలే ఎముక మీద వేలితో నొక్కాను. ఆమె నా మణికట్టు పట్టేసుకుంది. ఆ ఎముకను ట్రోకాంటర్ అంటాం. దానికీ, దాని మీద కదిలే కండరాలకూ మధ్య రాపిడి లేకుండా నీటితిత్తిలాంటి చిన్న సంచి ఉంటుంది. దాని పేరు బర్సా. అది ఒరుసుకుని వాస్తే బర్సైటిస్. కీలు అరగడం వేరు, ఇది వేరు. ఇంజెక్షన్ వాపును తగ్గిస్తుందే తప్ప ఒరుసుకునే కారణాన్ని పోగొట్టదు. అదే చెప్పాను.

"ఎన్నాళ్లు పడతాది?"

"నెలలు పడుతుంది అక్కా."

"డిసెంబర్‌లో నాకు మెడికల్ పరీక్ష ఉండాది. తప్పితే డిపో గేటు కాడ కూసోబెడతారంట. పందొమ్మిదేళ్లు బస్సులో నిలబడినదాన్ని. యా ఊళ్లో ఎవురెక్కతారో, ఎవురు దిగతారో నాకు తెలుసు. నేను కూసోను మేడమ్. ఏం చెయ్యాల్నో చెప్పండి, చేస్తా."

నేను అందరికీ ఇచ్చే వ్యాయామమే ఇచ్చాను. నిలబడి, ఎడమకాలిని కుడికాలి వెనక నుంచి అవతలికి దాటించి, ఒంటిని పక్కకు వంచి తుంటిని సాగదీయడం. రోజుకు రెండుసార్లు.

మూడు వారాల తర్వాత వచ్చింది. ఈసారి మెట్ల మీద నాలుగుసార్లు ఆగింది.

"చేశావా అక్కా?"

"రెండుసార్లు అన్నారు గదా, నేను నాలుగుసార్లు చేసినా."

"నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది. నొప్పి పుడితేనే గదా మందు పనిజేస్తన్నట్టు!"

ఆ పూట ఆమెకు ఐస్ పెట్టి పంపాను గానీ మనసు నిలవలేదు. ఇంటికి పోయి పుస్తకాలు తీశాను. కాలు అడ్డంగా దాటినప్పుడు తుంటి పక్కనున్న కండరపు పట్టీ బిగిసి, వాచిన సంచిని ఎముకకేసి నొక్కుతుంది. అంటే నేను మాన్పాల్సిన పుండును రోజూ నలపమని చెప్పినట్టయింది. ఆమె పట్టుదల ఎంత గట్టిదో నా తప్పు అంత లోతుకు దిగింది.

మర్నాడు ఫోన్ చేశాను. "అక్కా, ఆ వ్యాయామం ఆపెయ్. తప్పు నీది కాదు, నాది."

"మీరే తప్పంటే ఇంక నేనెవురి మాట వినాల మేడమ్?"

"రేపు మీ బస్సెక్కుతాను. నువ్వు పని ఎట్లా చేస్తావో చూడాలి," అన్నాను.

మర్నాడు ఆమె వెనక సీట్లో కూర్చున్నాను. బోగోలు దాటేసరికి బస్సు కిక్కిరిసింది. ఒక చేతిలో టికెట్ మిషన్, ఇంకో చేతిలో చిల్లర. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని ఆమె ఎడమ తుంటిని సీటు పక్కనున్న ఇనుప కడ్డీకి ఆనించి నిలబడుతోంది. బ్రేకు పడినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్లంతా ఆ కడ్డీ మీదికి ఒరుగుతోంది.

చివరి స్టేజీలో జనం దిగిపోయాక ఆ కడ్డీ పక్కన నిలబడమన్నాను. కడ్డీ పైఅంచూ, నేను నొక్కిన ఎముకా సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆమె రెండింటినీ చేత్తో తడిమి చూసుకుంది.

"ఇదా మేడమ్? ఇన్నేళ్లూ ఇదే నాకు ఆసరా అనుకున్నా."

అక్కడే, ఆ ఖాళీ బస్సులోనే, కొత్తగా మొదలుపెట్టాం. కాళ్లు ఎడంగా పెట్టి, తుంటిని కాకుండా వీపును బస్సులోని నిలువు స్తంభానికి ఆనించి నిలబడడం. రద్దీ స్టేజీల్లో బస్సు ఆగి ఉండగానే టికెట్లు కొట్టడం. దానికి డ్రైవర్ శీనయ్య ఒప్పుకోవాలి. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని అంతా వింటున్నాడు. "అరనిమిషం ఆలస్యమైతే సముద్రమేం ఎండిపోదులే అక్కా," అన్నాడు.

ఇంట్లో పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. చర్చిలో చాప మీద కాళ్లు పక్కకు మడిచి కూర్చోకూడదు. "కుర్చీ వేసుకుంటే ముసలిదాన్నైపోయినానని అనుకుంటారు" అని రెండు ఆదివారాలు మొరాయించి, మూడో ఆదివారం వేసుకుంది. వ్యాయామాలు మార్చాను. సాగదీయడం మాని, బలం పెంచేవి పెట్టాను. వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, గోడను కాలితో పక్కకు నెట్టడం, తర్వాత మెల్లగా మెట్టు ఎక్కి దిగడం. నొప్పి పదిలో మూడు దాటితే ఆపాలన్నాను. ఆమెకు చేయడం నేర్పనక్కర్లేదు. ఆపడం నేర్పడానికే రెండు నెలలు పట్టింది.

అక్టోబర్ వానలకు రోడ్డంతా గుంతలు పడ్డాయి. పండగ రద్దీలో వరసగా ఆరు రోజులు డ్యూటీ చేసి, పాత నొప్పితో తిరిగొచ్చింది. కుర్చీలో కూలబడి, "అంతా పొయ్యింది మేడమ్" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని లేచింది. "సరే. ఇయ్యాల ఏం చెయ్యాల?"

రెండు వారాల కిందటి వ్యాయామాలకు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాం.

డిసెంబర్ పరీక్షలో డాక్టరు ఎడమకాలి మీద నిలబడమన్నాడట. ఆ కబురు ఆమె నోటే విన్నాను. "ఇంక చాలమ్మా, దించు అన్నాడు. నేను దించలా. ఇంకాసేపు నిలబడినా."

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. వాన ముసురులో రెండు డ్యూటీలు వరసగా పడితే ఇప్పటికీ తుంటి పలుకుతుంది. ఏ పనికి పలుకుతుందో, ఎప్పుడు ఆగాలో ఆమెకు తెలుసు. ఆ రూట్లోనే టికెట్లు కొడుతోంది.

అప్పటిదాకా నా కేస్ షీట్లో "ఏం పని చేస్తారు?" అనే గడిలో ఒక మాట రాసుకుని ముందుకు పోయేదాన్ని. "కండక్టర్" అని రాసుకున్నంత మాత్రాన నాకు తెలిసిందేమీ లేదు. ఇప్పుడు ఎవరొచ్చినా, బల్ల ఎక్కక ముందే, మీ పని ఎట్లా చేస్తారో నిలబడి చూపించండి అంటాను. ఒకాయన గాల్లో వల విసిరి చూపించాడు. ఒకామె నేల మీద వంగి నాటు వేసి చూపించింది. అర్థం కాకపోతే వాళ్ల వెంట వెళతాను.

కరుణమ్మ బస్సులో ఎవరైనా కుంటుతూ ఎక్కితే నా క్లినిక్ పేరు చెప్పి పంపుతుంది. మొన్న అలా వచ్చిన ఒక పెద్దామెను, "కరుణక్క నా గురించి ఏం చెప్పింది?" అని అడిగాను.

"ఆ మేడమ్ తప్పు చేస్తే తప్పని ఒప్పుకుంటాది, ధైర్యంగా పొమ్మనింది," అందామె.