తల్లి పోసిన గదిలో

నాకు పెళ్ళయిన కొత్తలో సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాయి. పని వెతుక్కుంటూ మా ఆయన నన్నూ అత్తమ్మనూ అవే మగ్గాలు నడిచే భీవండికి తీసుకెళ్ళాడు. కార్ఖానా వెనక వరుసగా ఇరుకు గదులు, అందులో ఒకటి మాది. పక్క గదిలో కోరుట్ల నుంచి వచ్చిన దంపతులు. కుళాయి దగ్గర నా బిందెను జరిపి తన బిందె పెట్టిన రోజు నుంచీ ఆమెకూ నాకూ మాటల్లేవు.

ఆ ఎండాకాలం ఆమెకు ఒళ్ళంతా నీటి పొక్కులు లేచాయి. డాక్టరు చికెన్‌పాక్స్ అన్నాడు. మా వాళ్ళు తల్లి పోసిందన్నారు. వరుసంతా తలుపులు మూసుకుంది. ఆమె భర్తకు అది ఎప్పుడూ రాలేదట, అందుకే డాక్టరు అతన్ని లోపలికి పోవద్దన్నాడు. గడప బయటి నుంచే అన్నం గిన్నె లోపలికి తోసి, కళ్ళు తుడుచుకుంటూ పనికి పోయేవాడు.

నేను అంబలి పట్టుకుని బయల్దేరితే అత్తమ్మ అడ్డం నిలబడింది.

"ఏడికి వోతున్నవ్? నీకు అంటుకుంటే ఎట్ల?"

"చిన్నప్పుడు జగిత్యాల్ల అమ్మమ్మ ఇంట్ల ఉన్నప్పుడే నాకు పోసింది అత్తమ్మా. మళ్ల రాదు."

"రాదని ఎవలు జెప్పిన్రు?"

అంతటితో ఊరుకోక నన్ను ఆ డాక్టరు దగ్గరికే లాక్కెళ్ళింది. ఒకసారి వచ్చి తగ్గితే ఒళ్ళు ఆ జబ్బును గుర్తుపెట్టుకుంటుందనీ, మళ్ళీ రావడం చాలా అరుదనీ ఆయన హిందీలో చెప్పాడు. "మరి మీకు వచ్చిందా?" అని అత్తమ్మను అడిగాడు. రాలేదంది. "అయితే మీరే దూరం ఉండాలి." ఆమె ముఖం చూసి దారంతా నవ్వాపుకోలేకపోయాను.

నేను లోపలికి వెళ్ళేసరికి పక్కింటామె గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నువ్వెందుకచ్చినవ్?"

"ముందుగాల అంబలి తాగు అక్కా. బిందెల పంచాది తర్వాత సూసుకుందాం."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే పొక్కులు మండాయి. "నవ్వియ్యకే!" అని మూలిగింది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

అక్క పొక్కులు ఎండుతుండగా ఒక పొద్దున ఆమె భర్త గడప దగ్గర చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. మోచేతి దగ్గర కొత్త పొక్కులు. "నాకూ అచ్చింది! ఇగ నన్నెవలు ఆపుతరు?" అంటూ జ్వరంతోనే లోపలికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అక్క తిడుతూనే అతని తల నిమిరింది.

తర్వాత వరుసలోని పిల్లలకు పాకింది. కొందరు తల్లులకు అది ఎన్నడూ రాలేదు. వాళ్ళు భయపడుతుంటే, అప్పటికి పక్కులు రాలిపోయిన అక్క కొంగు బిగించింది.

"ఇగ నాకేం భయం? పా చెల్లె, మనిద్దరం సూసుకుందాం."

ఇద్దరం పిల్లలందరినీ ఒకే గదిలో చేర్చాం. ఎవరికి పొక్కులెక్కువ అని వాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు. అందరికీ తగ్గాక వాకిట్లో వేపాకు నీళ్ళతో స్నానాలు. మొదట నాకంటే నాకని ఎగబడి, ఆ నీళ్ళు మా మీదే గుమ్మరించారు. అత్తమ్మ దూరంగా నిలబడి, "సబ్బు రుద్దుండ్రే, సరిగ్గ రుద్దుండ్రి!" అని కేకలేస్తుంటే, తడిసిన చీరలతో అక్కా నేనూ ఒకరిని పట్టుకుని ఒకరం నవ్వుతూనే ఉన్నాం.