బడి తెరిచిన నాడు లేనివాడు

పరదేశంలో, బ్లాక్‌టౌన్‌లో మా తెలుగు ముస్లింల జమాత్‌కు అప్పట్లో సొంత మసీదు లేదు. శుక్రవారం, ఆదివారం ఒక హాలు అద్దెకు తీసుకుని నమాజు చేసుకునేవాళ్ళం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయన్న భయం నడుస్తున్న రోజులవి. ఆ తప్పులు సరిచేసే పని మీదే నేను కర్నూలు నుంచి వచ్చాను. పారమట్టాలో నాకు కాంట్రాక్టు దొరికింది ఆదివారం దస్తర్‌ఖాన్ దగ్గరే. మధ్యాహ్నపు జొహర్ నమాజయ్యాక హాలు పక్కగదిలో గుడ్డ పరచి, పెద్ద రాగి దేగ్‌లో వండిన బిర్యానీ అందరం కలిసి తినేవాళ్ళం. కొత్తగా దిగినవాళ్ళకు అద్దె ఇల్లూ, ఉద్యోగం కబురూ అక్కడే అందేవి.

మా జమాత్‌కు సదర్, అంటే అధ్యక్షుడు, గుంటూరు డాక్టరుగారు. ఇక్కడ పుట్టిన పిల్లలు అరబీ గడగడా చదువుతారు గాని ఒక్క ముక్కకూ అర్థం తెలియదని ఆయన బాధ. పక్కగదిలో ఆదివారం బడి పెట్టాలి, ఆడపిల్లలూ కూర్చోవాలి, అర్థం ఇంగ్లీషులో చెప్పాలి అని ఆయన పట్టు. మదర్సాలో చదివినవాణ్ణని పాఠం చెప్పే పని నాకు అప్పగించారు.

గది ఒక్కటే. ఎవరినీ అడక్కుండా, మష్వరా చేయకుండా ఒక శనివారం ఆయన దేగ్‌ను తన గరాజ్‌కు తరలించి, గదిలో బల్లలు వేయించారు.

మరునాడు బల్లలు చూసి, మా అందరిలోకి వయసైన కడప పెద్దాయన అన్నాడు: "ఏంది డాక్టర్ సాబ్, ఆపరేషన్‌కు ముందు పేషెంట్‌ను పస్తు పెట్టినట్టు జమాత్‌నంతా పెట్టినారే!"

అందరూ నవ్వారు.

"పిల్లల కోసం భాయ్. వీక్‌కి ఒక్క పూట మనం ఇంట్లో తినలేమా?"

"తినలేక కాదు సాబ్. అడక్కుండా దేగ్ ఎత్తుకపోయినారు చూడండి, అదీ!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నలుగురినీ సంప్రదించి నడవమన్నది మన దీన్, మన ధర్మం. డాక్టరుగారి ఉద్దేశం మంచిదే, కానీ ఆ అడుగు ఆయన ఒక్కరే వేశారు. వచ్చే ఆదివారం సదర్‌ను మార్చే విషయం మాట్లాడాలని పెద్దలు నిశ్చయించారు. బడి తెరవకుండానే మూతపడేలా ఉంది.

అందరూ వెళ్ళాక నమాజులో మా వరస చివర నిలబడే ఇరాన్ ముసలాయన, డాక్టరుగారూ నేనూ ఉన్నచోటికి వచ్చి కూర్చున్నాడు. తన దేశంలో చరిత్ర పాఠాలు చెప్పి, ఇక్కడ టాక్సీ నడిపేవాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నూటయాభై ఏళ్ళ కిందటి తమ మంత్రి ఒకరి కథ చెప్పాడు. వంటవాడి కొడుకట. యజమాని పిల్లలకు భోజనం పళ్ళెం మోసుకెళ్ళి, తలుపు దగ్గర నిలబడి వాళ్ళ పాఠాలు విని నేర్చుకున్నాడట. పెద్దయ్యాక యువరాజు కొలువులో చేరాడు; ఆ యువరాజు షా, అంటే రాజు, కాగానే ఈయన ప్రధానమంత్రి అయ్యాడు. ఊరికే కూర్చుని తినే దర్బారువాళ్ళ భత్యాలు కోశాడు. మశూచికి టీకాలు వేయించాడు. టీకాకు భయపడి పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రులను చూసి ఏడ్చాడట. కొత్త విద్యలకు పెద్ద బడి కట్టించాడు. భత్యాలు పోయినవాళ్ళు, షా తల్లి కలిసి షా మనసు విరిచారు. పదవి తీసి దూరపు ఊరికి పంపారు. అక్కడ స్నానాల గదిలో నరాలు కోయించి చంపించారు.

"మరి ఆ బడి?" అన్నారు డాక్టరుగారు.

"తెరిచారు. ఆ రోజుకు ఆయన బతికే ఉన్నాడు. అక్కడ లేడు, అంతే."

డాక్టరుగారు లేచి బల్లలు ఒక్కొక్కటే మడిచి గోడకు చేర్చారు.

మరుసటి ఆదివారం ఎవరూ నోరు తెరవకముందే ఆయన దేగ్‌ను తన కారులో తెచ్చి జమాత్ ముందు దించారు.

"అడక్కుండా తీశాను, మాఫ్ చేయండి. సదర్ పదవీ తీసేసుకోండి. జొహర్‌కు ముందు ఆ గది పిల్లలకివ్వండి, చాలు."

"చూద్దాంలే సాబ్," అన్నాడు కడప పెద్దాయన. ఆ పెద్దాయన్నే కొత్త సదర్‌ను చేశారు. డాక్టరుగారు ఎక్కడో దూరాన డార్విన్‌లో ఆసుపత్రి ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు బడి తెరిచాం. కడప పెద్దాయనే బల్లలు తుడిచాడు. జొహర్‌కు ముందు పాఠం, తర్వాత బల్లలు మడిచి దస్తర్‌ఖాన్. ఆరంభంలో చేసిన దువా ప్రార్థనలో డాక్టరుగారి పేరు ఎవరూ ఎత్తలేదు. నేను మనసులో చెప్పుకున్నాను.

సాయంత్రం డార్విన్‌కు ఫోన్ చేశాను. అక్కడ కప్పు మీద వాన హోరు వినబడుతోంది.

"ఆడపిల్లలు వచ్చారా?" అన్నారాయన.

"వచ్చారు అంకుల్."

"తలుపు దగ్గరా, లోపలా?"

"లోపలే. బల్లల ముందు కూర్చున్నారు."

 ఆ వాన హోరులో మెల్లగా "అల్‌హందులిల్లా" అన్నారు.