ఏకాదశి నాడు వణకని చెయ్యి

పోయిన వారం మా వదినకు తోడుగా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కొంతకాలంగా ఆమె చెయ్యి వణుకుతోంది. డాక్టరమ్మ మందు రాస్తూ, తలెత్తకుండానే, మాత్ర భోజనానికి ముందు మంచినీళ్లతో వేసుకోమని, పప్పూ పాలూ రాత్రికి పెట్టుకోమని చెప్పి తర్వాతి వాళ్లను పిలిచింది. వదిన తలూపింది. నేను మాత్రం ఆ ఒక్క మాటతో ధూల్‌పేట్‌లోని మా రేకుల షెడ్డుకు, ఆ తడి మట్టి వాసనలోకి వెళ్లిపోయాను.

మా బాపు గణపతి బొమ్మలు చేసేవాడు. నేను బడి మొహం ఎరగను. బాపు తడి మట్టి మీద పుల్లతో దిద్దించిన అక్షరాలే నా తొలి చదువు. ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా ఇంట్లోనే చదువుకుని, మెట్రిక్‌కు ప్రైవేటుగా కట్టి, దేవుడి దయవల్ల కాలేజీ మెట్లెక్కి, డెబ్బైల చివరికి ఒక పరిశోధనశాలలో చేరాను. రక్తంలోంచి మెదడులోకి ఏవి వెళ్తాయి, ఏవి వెళ్లవు అన్నదే మా పని. ఎలుక రక్తంలోకి నీలి రంగు ఎక్కిస్తే ఒళ్లంతా నీలమయ్యేది, మెదడు మాత్రం తెల్లగానే ఉండేది. మెదడుకు అంత గట్టి కంచె కట్టినవాడెవరో తలచుకుని, మొదటిసారి చూసిన రోజున నేను ఎవరూ చూడకుండా చేతులు జోడించాను.

ఆ రోజుల్లోనే బాపు చెయ్యి వణకడం మొదలైంది. బొమ్మకు కన్ను పెట్టడం మా షెడ్డులో ఆయన ఒక్కడి పని. పెద్దాసుపత్రిలో అప్పట్లో కొత్తగా వచ్చిన మాత్ర ఇచ్చారు. మొదట్లో బాగానే పనిచేసింది గానీ, అది కడుపులో తిప్పుతోందనీ, మనిషి చిక్కిపోతున్నాడనీ అమ్మ ప్రతి మాత్రకూ గ్లాసెడు పాలు జతచేసింది, పూటపూటకూ ముద్దపప్పు వడ్డించింది. అమ్మ ఎంత బలం పెడితే బాపు చెయ్యి అంత వణికింది. ఇక లాభం లేదు, వచ్చేసారి మందు ఆపేద్దామన్నారు డాక్టరు. బాపు నవ్వి నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు నేను కన్ను పెడ్తె గణపయ్య భక్తుల దిక్కు చూడడు, గోడ దిక్కు చూస్తడు. ఈ చవితికి చెయ్యి రాకుంటె ఇగ మట్టి ముట్ట బిడ్డా," అన్నాడు.

చవితికి ముందొచ్చిన ఏకాదశికి బాపు ఎప్పటిలాగే ఒక్కపొద్దున్నాడు, ఈసారి పాలు కూడా ముట్టలేదు. పండు, నీళ్లలో కాచిన సగ్గుబియ్యం, మంచినీళ్లతో మాత్ర, అంతే. మధ్యాహ్నం చూద్దును కదా, అద్దం ముందు కూర్చుని నుదుటి బొట్టు తానే తిన్నగా దిద్దుకుంటున్నాడు. దేవుని దినం కాబట్టి ఆ స్వామే చెయ్యి పట్టాడని అమ్మ కళ్లొత్తుకుంది. మర్నాడు ద్వాదశి పారణలో పప్పూ పాలూ కడుపునిండా పెట్టింది; భోజనమై విస్తరి తీసేసరికి చెయ్యి మళ్లీ ఆకులా ఊగింది.

ల్యాబులో మళ్లీ పని ముందు కూర్చున్నప్పుడు నాకు వంటిల్లూ పరిశోధనశాలా ఒకటే అయిపోయాయి. పప్పూ పాలూ అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు మెదడు కంచెలో ఏ తలుపు గుండా లోపలికి పోతాయో, బాపు మందు కూడా ఆ తలుపు గుండానే పోవాలి. అది లోపలికి చేరి, అక్కడి గ్రాహకాలకు కబురందితేనే చెయ్యి చెప్పినట్టు వింటుంది. అమ్మ ప్రేమంతా ఆ తలుపు దగ్గర గుంపు కట్టి మందుకు దారి లేకుండా చేస్తోంది. మా పరిశోధనశాల సారు విని, నీ అనుమానం సరైనదేనని తానే ఆసుపత్రికి కబురు పెట్టారు. మందు ఆపే ముందు ఒకసారి పగటిపూట పప్పూ పాలూ మాన్పించి చూద్దామని డాక్టరు ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది అమ్మే. "గింత చదివిచ్చింది బాపు నోటికాడి పాలు గుంజుకునేటందుకా?" అంది.

"నీ పాలు తాగి తాగి గణపయ్యకు మెల్లకన్నొచ్చేటట్టున్నది. జర ఆగరాదే," అన్నాడు బాపు.

పప్పూ పాలూ రాత్రి భోజనానికి మారాయి. చవితికి ముందురోజు పగలు బాపు పెద్ద బొమ్మ ముందు పీట వేయించుకుని కుంచె అందుకున్నాడు. రెండో కన్ను తెరిచేటప్పుడు బొమ్మకు ఎదురుగా మనుషులుండకూడదని మా షెడ్డు ఆనవాయితీ. స్వామి తొలిచూపు పడడానికి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పెడతాం. నేను పక్కకు జరగబోయాను.

"ఎటు పోతున్నవ్? పళ్లెం తియ్. నువ్వు నిలబడు ముంగట," అన్నాడు.

కుంచె కొస చుక్క పెట్టింది. గీత ఎక్కడా చెదరలేదు. ఆ కళ్లు నన్నే చూశాయి. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత నా పని నలుగురూ మెచ్చిన సందర్భాలు లేకపోలేదు గానీ, అంతకు మించిన సన్మానం నాకు జరగలేదు.

బాపు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు కన్ను పెట్టాడు. ఆ మేలు చేసిన స్వామికీ, సారుకీ నేను ఎన్నటికీ ఋణపడి ఉంటాను. మేము తడుముకుంటూ తెలుసుకున్నది ఇప్పుడు డాక్టరమ్మ తలెత్తకుండా చెప్పే మాటయింది. సంతోషమే, అది అలాగే కావాలి. మొన్న ధూల్‌పేట్ వైపు వెళితే వరుసలు వరుసలుగా అచ్చుల్లో పోసిన బొమ్మలు, వాటికి రంగు గొట్టంతో చిమ్మిన కళ్లు. ఎంతో చక్కగా, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏ బొమ్మ ముందూ నీళ్ల పళ్లెం లేదు. తొలిచూపు ఎవరి మీద పడాలని అడిగేవాళ్లు కూడా ఎవరూ కనపడలేదు.