వానకు పెరిగిన కొమ్ములు

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, మే నెలాఖరులో, వరంగల్‌లోని మా పురావస్తు కార్యాలయం నన్ను పాలంపేట అవతలి గుట్టల్లోని ఒక గుహకు పంపింది. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ను. ఆదిమానవులు ఎర్రమట్టి రంగుతో వేసిన బొమ్మలను కొలతల ప్రకారం కాగితం మీదికి ఎక్కించడం నా పని. బొమ్మను తాకకూడదు. ఫొటో తీసి, పెద్ద ప్రింటు మీద పల్చటి షీటు పరిచి గీస్తాం. రంగు స్పష్టంగా కనిపించినచోట నిండు గీత, అనుమానమున్నచోట చుక్కల గీత. ఈ నియమం తప్పితే ఆ పటానికి విలువ లేదు.

రెండో రోజు నాకొక జింక దొరికింది. గీసినవాడు వీపు, తల, కాళ్లు మాత్రమే గీశాడు. పొట్ట ఉండాల్సినచోట బండే ఉబ్బి ఉంది. తల మీద పాయలుగా చీలిన కొమ్ములు. ఆ చుట్టుపక్కల అటువంటి బొమ్మ మా రికార్డుల్లో లేదు. కొమ్ములను నిండు గీతతోనే గీశాను. అసిస్టెంట్ డైరెక్టర్ మేడం సంతోషించి, దాన్ని నివేదిక మొదటి పేజీకి ఎంచుకున్నారు. కింద నా పేరు వేస్తామన్నారు. అన్నేళ్ల సర్వీసులో నా పేరు అచ్చు కావడం అదే మొదటిసారి.

జూన్‌లో తొలి వానలు పడ్డాక, కొలతలు సరిచూడటానికి మళ్లీ వెళ్లాను. మేలో లాగే దారి చూపడానికి వచ్చిన యాకూబ్ పాషా ఆ గుట్టల్లో మేకలు మేపే మనిషి. బండ వంక చాలాసేపు చూశాడు.

“సారూ, జర ఇటు చూడుండ్రి. దీని కొమ్ములు మొన్న గింత పొడుగు లేవు గద? వానకు పెరిగినయా ఏంది?”

నవ్వబోయి ఆగిపోయాను. పాత ఫొటో తీసి పోల్చాను. బెత్తెడు పెరిగాయి. అది రంగు కాదు, పగులులోంచి దిగిన నీటి మరక. గీసేటప్పుడు నాకు అనుమానమే రాలేదు. తల కనబడగానే నా కన్ను కొమ్ములు వెతుక్కుని, మరకను తెచ్చి అతికించింది.

“ఇప్పుడెట్ల సారూ?” అన్నాడు యాకూబ్.

“చెప్పాలె, యాకూబ్ భాయ్. చెప్పకుంటే ఎట్ల?”

మర్నాడే నివేదిక ప్రెస్సుకు పోవాలి. ఉదయాన్నే మేడం టేబుల్ మీద పాత ఫొటోను, వాన తర్వాత తీసినదాన్ని పక్కపక్కన పెట్టి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె రెండింటినీ పోల్చి చూశారు. తరువాత, కొమ్ములు తీసేసి సాయంత్రానికి కొత్త షీటు ఇమ్మన్నారు. పొట్టను మాత్రం ఉంచమన్నారు. కాళ్లు సరిగ్గా ఆ ఉబ్బు అంచు నుంచే మొదలయ్యాయి కాబట్టి, దాన్ని పొట్టగా చూసింది ఆ ఆదిమానవుడేనన్నారు. ‘జింక’ అన్న పేరు పోయి ‘నాలుగు కాళ్ల జంతువు’ అయింది. మొదటి పేజీ వేరే బొమ్మకు దక్కింది.

కన్ను ఉన్నదాన్ని చూసి ఊరుకోదు, లేనిదాన్ని పూరిస్తుంది. బండ ఉబ్బులో పొట్టను చూసినవాడి కన్నూ ఆ పనే చేసింది. కానీ అతను వేసింది బొమ్మ, నేను తయారు చేస్తున్నది రికార్డు. మిగిలిన సర్వీసులో ఏ బొమ్మనైనా ఎండలో ఒకసారి, వాన వెలిశాక ఒకసారి చూడనిదే నిండు గీత గీయలేదు.