బొట్టు పెట్టిన బొమ్మ

విజయ మేడం కోరుట్లలోని ఒక నర్సింగ్ స్కూల్లో పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. చేతికి ఒక బత్తాయి, ఒక దిండు ఇస్తే చాలు. బత్తాయికి సూది వేయించి, దిండునే ఆగిన గుండె అనుకొమ్మని నొక్కించి, వందలమందిని నర్సులను చేశారు. ఆ దిండు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఒక్కసారీ బతకనూ లేదు.

అటువంటి బడికి హైదరాబాదు నుంచి మనిషంత బొమ్మ దిగింది. ఛాతీ సరిగ్గా నొక్కితే టక్కుమని పచ్చలైటు, తప్పితే ఎర్రలైటు. కొత్త బస్సు కొన్నప్పుడు ఏం చేశారో దానికీ అదే చేశారు. నుదుట పసుపు కుంకుమ, మెడలో బంతిపూల దండ. ప్రిన్సిపాల్ గారు స్వహస్తాలతో కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు రోగి రొమ్ము మీద చల్లారు. రోగి ఎర్రలైటు వెలిగించింది. ఇక ఆర్పలేదు.

ఖరీదైన వస్తువు మరింత పాడవకూడదని గదికి తాళం వేసి, తాళంచెవి విజయ మేడంకు ఇచ్చారు. ఆమె రోజూ తలుపు తీసి, దుమ్ము దులిపి, భక్తితో వెనక్కి వచ్చేవారు. ఇలా ఏడు నెలలు.

అప్పుడు అక్షిత అడిగింది. సిరిసిల్ల పిల్ల. మరమగ్గాలు ఆగాక తండ్రి పని వెతుక్కుంటూ భీవండి పోయాడు. ఆమెకు రియాద్ ఆసుపత్రి ఉద్యోగానికి పిలుపొచ్చింది. పది రోజుల్లో హైదరాబాదులో పరీక్ష.

"మేడం, పరీక్ష బొమ్మ మీదనేనట. నిరుడు పోయిన ముగ్గురు గక్కడనే ఫెయిలైండ్రు. ఒక్కసారన్న మాకు చూపియ్యరా?"

"చూపిస్త బిడ్డా, సోమవారం."

మాట ఇచ్చాక ఆమె బొమ్మతో వచ్చిన పుస్తకం మూడుసార్లు చదివారు. పుస్తకం పూర్తిగా అర్థమైంది. బొమ్మ మాత్రం కాలేదు. శుక్రవారం సాయంత్రం దాని ముందు దిగాలుగా నిలబడి ఉండగా, గుమ్మం దగ్గర వాచ్‌మన్ కనకయ్య దగ్గాడు.

"లోపల తడి పోయింది గావచ్చు మేడం. రొమ్ము తోలు ఇప్పి ఆరబెడ్తె అయితది."

"తోలు ఊడదీసుడేందన్నా! నీకెట్ల తెలుసు?"

"రియాద్ల నర్సుల కాలేజీల తొమ్మిదేండ్లు గివే తుడిచిన. రోజు క్లాసయ్యేదాక గోడకు నిలవడి, ఆ తర్వాత వీటికి తానం చేయించుడే నా డ్యూటీ."

మల్లాపూర్ నుంచి సౌదీ పోయి, కంపెనీ మూతపడితే ఉత్త చేతులతో తిరిగొచ్చాడని ఊరంతా జాలిపడిన మనిషి ఈయనే.

కనకయ్య తోలు విప్పి, ఫ్యాను కింద ఆరబెట్టి, కొత్త సెల్లులు వేశాడు. ఆదివారం తను నొక్కితే పచ్చలైటు. మేడం నొక్కితే ఎరుపు. మళ్లీ ఎరుపు.

"మోచేతులు వంచకుండ్రి. భుజాల బలం దిగాలె. గక్కడి సార్లు రోజు గిదే మొత్తుకునేటోళ్లు."

పొద్దుగూకేవేళకు పచ్చలైటు వెలిగింది. మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, జోడును కాదు.

సోమవారం ప్రిన్సిపాల్ గారు క్లాసు గుమ్మంలో ఆగిపోయారు. "వాచ్‌మన్ తోని పాఠమా?"

"సార్, నాకు రాదు. ఆయన చెప్తడు. నేను ముందు బెంచీల ఉంట," అన్నారు మేడం.

పంతొమ్మిదేళ్లలో ఆమె చెప్పిన అతి చిన్న ఉపన్యాసం ఇదే. కనకయ్య మేడం కుర్చీ వద్దన్నాడు గానీ, ఆమె కూర్చోబెట్టారు. ఆ వారమంతా అక్షిత అరచేతులు కందిపోయేలా నొక్కింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"మేడం, పాసైన! మొదట భయమైంది. గా బొమ్మకు బొట్టు లేకుంటె గుర్తువట్టలే."

మేడం ఫోను పట్టుకునే గేటు దాకా పరుగెత్తారు. ఆ పరుగును స్కూలు అంతకు ముందు చూడలేదు.

"కనకన్నా, అక్షిత పాసైంది! నీ పుణ్యమే."

కనకయ్య గంభీరంగా ఆలోచించాడు.

"మోచేతులు వంచలేదు గద?"