సైజింగ్ గోడ పక్కన వంగ నారు

2023 వేసవి. మహారాష్ట్రలోని మగ్గాల ఊరు భివండీలో, టెంఘర్ దగ్గర నాకు చిన్న నర్సరీ ఉంది. బోటనీలో ఎమ్మెస్సీ చేసి మొక్కలు అమ్ముకోవడమేమిటని చుట్టాలు ఇప్పటికీ మూతి విరుస్తారు. విరవనీ. పోయిందనుకున్న నారు లేచి నిలబడితే కలిగే సంతోషం వాళ్లకేం తెలుసు!

ఆ మార్చిలో, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పద్మనగర్ నుంచి రాజవ్వ అనే ఆవిడ, మాడిపోయిన వంగ మొక్కను కొంగులో పెట్టుకొని వచ్చింది. ఏళ్ల తరబడి పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, ఇక షెడ్డులో అడుగు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. షెడ్డు యజమాని సేటు, షెడ్డు పైనున్న స్లాబును ఆమెకు కూరగాయలు పెంచుకోవడానికి ఇచ్చాడు. ఈ వేసవిలోనూ ఏమీ నిలవకపోతే రేకులు వేసి గోదాముగా కిరాయికి ఇచ్చేస్తానన్నాడు.

"నిరుడు రెండుసార్లు పెట్టిన చెల్లె. రెండుసార్లు మాడిపాయె. ఈసారి గూడ పోతె మల్ల కండెలకు పోవుడే," అంది. దగ్గు తెరిపిచ్చాక, "పోతె బతుకనని నాకు ఎరుకే," అంది.

తప్పెక్కడో అడిగిన వెంటనే తెలిసింది. చల్లటి నీడలో గారాబంగా పెంచిన నారును తెచ్చి ఒక్కసారిగా ఆ స్లాబు మీద పెట్టింది. చుట్టూ రేకుల షెడ్లు. మధ్యాహ్నం అక్కడ మనిషే నిలబడలేడు.

మొక్క కణాల్లో పనులు నడిపేవి ప్రోటీన్లు. ఒక్కోదానికి ఒక్కో మడత ఉంటుంది. వేడి మితిమీరితే ఆ మడతలు విడిపోయి, ప్రోటీన్లు ఒకదానికొకటి చిక్కుపడి ఉండకడతాయి. ఆ సమయంలో అడ్డుపడేవే హీట్ షాక్ ప్రోటీన్లు. విడిపోతున్నవాటిని పట్టి ఉంచుతాయి, వీలైతే తిరిగి మడత పెడతాయి. వాటిని తయారు చేసుకోవడానికి మొక్కకు కాస్త వ్యవధి కావాలి. ముందు ఓర్చుకోగలిగినంత వేడి తగిలించి, తర్వాత నీడలో సేదతీరనిస్తే కొన్ని రోజులపాటు పెద్ద వేడిని కూడా తట్టుకుంటుంది. నారును ఇలా రాటుదేల్చే పనిని మేము హార్డెనింగ్ అంటాం. అందులో ఇదొక భాగం.

రాజవ్వ ఉండే సందులోనే సైజింగ్ కార్ఖానా ఉంది. నూలుకు గంజి పట్టించి, ఆవిరి డ్రమ్ముల మీద ఆరబెట్టే చోటు. దాని బయటి గోడ పగలంతా వెచ్చగా ఉంటుంది. థర్మామీటర్ పట్టుకెళ్లి, సరిపడా వేడి ఉన్న జాగా చూసి సుద్దతో గీత గీశాను.

"రోజు గంటసేపు ఈడ పెట్టు. మల్ల నీడల పెట్టి నీళ్లు పొయ్యి. ఒక్కనాడు గూడ తప్పొద్దు."

"ఓయమ్మ! పసిపిల్లలను పొయ్యి కాడ కూసోబెడ్తరా? నీకేమన్న దయ ఉన్నదా?"

"నీకు దయ ఎక్కువైతేనే రెండుసార్లు మాడినయి!" అని కసిరాను. నా నోరు అలాంటిది.

నమ్మకం లేకపోయినా చెప్పినట్టే చేసింది, ఒక్క ట్రేకు తప్ప. అది వాళ్లమ్మ ఊరి నుంచి పంపిన గింజల నారు. దానికి వేడి తగిలించడానికి చేతులు రాక, తడి గోనెపట్టా కింద దాచుకుంది. ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఏప్రిల్‌లో నారంతా స్లాబు మీది కుండీల్లోకి మార్చాం. మూడో రోజునే ఎండ నిప్పులు చెరిగింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, గోడ పక్కన పెరిగిన మొక్కల ఆకులు అంచుల్లో మాత్రం ముడుచుకున్నాయి. వాళ్లమ్మ గింజల మొక్కలు అన్నీ నేలకు వాలిపోయాయి. రాజవ్వ వాటి ముందు కూలబడి, గోనెపట్టా సంగతి చెప్పుకొని ఏడ్చింది. తిట్టబోయినదాన్ని, నేనూ పక్కన కూర్చున్నాను.

"ఇంకిన్ని గింజలున్నయి," అంది కళ్లు తుడుచుకుని. "ఈటిని గూడ గోడ కాడికే తీస్కపోత. ఏమైతె గదే అయితది."

అన్నంత పనీ చేసింది. జూన్‌లో వానలకు ముందే, ఏప్రిల్‌లో నిలిచిన మొక్కలకు మొదటి కాపు వచ్చింది. కోసిన కాయలు స్లాబు దిగకుండానే చుట్టుపక్కల ఆడవాళ్లు పట్టుకుపోయారు. అదే రోజు సేటు పైకి వచ్చాడు. కండెల దగ్గర మనిషి తక్కువైందట.

"మొక్కలకే వేడి అలవాటు చేస్తివి గద రాజవ్వా! నువ్వు గూడ కొద్దికొద్దిగ షెడ్డుకు అలవాటు పడు. ఏమైతది?" అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా రాజవ్వ కాయలు కోసిన కత్తెర పక్కన పెట్టి లేచింది.

"మొక్కలను గంటసేపే పెట్టిన సేటూ. మల్ల దినమంత నీడల పెట్టి నీళ్లు పోసిన. మీరు నన్ను ఎన్నడన్న గట్ల పెట్టిండ్రా?"

సేటు నవ్వు ఆగిపోయింది. మొక్కల వైపు ఒకసారి చూసి, మెట్లు దిగిపోయాడు. ఆ స్లాబు ఇప్పటికీ రాజవ్వ చేతిలోనే ఉంది.

హార్డెనింగ్ గురించి పుస్తకాల్లో చదువుకున్నప్పుడు నా దృష్టంతా వేడి మీదే ఉండేది. ఇప్పుడు ఎవరైనా నారు కోసం వస్తే, ఎండలో ఎంతసేపు పెట్టాలో చెప్పేముందు, తర్వాత నీడ ఎక్కడ ఇస్తారని అడుగుతాను. నీడ చూపించలేనివాళ్లకు నారు అమ్మను.